మేము అంచున కుట్టిన ఝాలరులమా?

పిల్ల గౌను అంచున కుచ్చులు కుట్టాలా, వద్దా? ఇంత చిన్న విషయం మీద వ్యాసమా అని మీరు అనుకోవచ్చు. మా ఇండ్లలో ఇది చిన్న విషయం కాదు. గొల్లపల్లిలోనూ, అటు జగిత్యాల, కోరుట్లలోనూ, ఇటు సిరిసిల్లలోనూ మా ఆడవాళ్ళు ఎందరో కుట్టుపని మీద బతుకుతున్నారు. మొగవాళ్ళు దుబాయికో మస్కటుకో పోయి పైసలు పంపని నెలల్లో, బీడీల పని సగానికి పడిపోయిన వారాల్లో, ఇంట్లో పొయ్యి మండించేది మూలనున్న కుట్టుమిషనే. ఆ మిషన్ మీద కుచ్చు కుడితే ఏమొస్తుంది, కుట్టకపోతే ఏం పోతుంది అన్నది మాకు అన్నం లెక్క. మర్యాద లెక్క కూడా.

కుచ్చును మేము ఝాలర్ అంటాం. మీరు ఫ్రిల్లు అంటారు. పేరేదైనా మూడు దిక్కుల నుంచి దానిమీద మాట పడుతుంది. మసీదు దగ్గర మాకు బుద్ధులు చెప్పే పెద్దమనిషి అది ఇస్రాఫ్ అంటాడు, అంటే దుబారా. ప్రగతిశీల మిత్రుడు వచ్చి, ఇది నవాబుల కాలపు ఆడంబరం, ఇంకెన్నాళ్ళు మోస్తారంటాడు. బట్ట కుట్టించుకునే గిరాకీ మాత్రం, "ఫ్రిల్లే గద అక్కా, దానికి మళ్ళ వేరే పైసలేంది?" అంటుంది. ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. అయినా ముగ్గురూ ఒప్పుకున్న సంగతి ఒకటుంది: కుచ్చు అనవసరం. ఆ అనవసరమైనదాన్ని ఒకరు నిషేధించమంటారు, ఒకరు వదిలించుకోమంటారు, ఒకరు ఉచితంగా ఇమ్మంటారు. తేడా అంతే.

మేము అడిగేది దానికి ముందున్న ప్రశ్న. ఏది అవసరం, ఏది అనవసరం అని తేల్చే హక్కు ఎవరిది?

తీర్పు చెప్పేముందు కుచ్చు ఎలా తయారవుతుందో చూడాలి కదా. చిన్నపిల్ల గౌను అడుగు ఘేరా 60 అంగుళాలనుకోండి. కుచ్చు నిండుగా రావాలంటే దానికి రెట్టింపు పొడవున్న పట్టీ కావాలి. పల్చటి వాయిల్ అయితే రెండున్నర రెట్లు తీసుకుంటాం, మందం బట్టయితే ఒకటిన్నరతో సరిపెడతాం. 44 అంగుళాల పన్నా ఉన్న బట్టలో అడ్డంగా, 5 అంగుళాల వెడల్పున మూడు పట్టీలు కోసి అతికిస్తే 120 అంగుళాలు దాటుతుంది. కుచ్చుకు పట్టిన బట్ట 15 అంగుళాలు. అర మీటరు కూడా కాదు.

ఇప్పుడు కుట్టు లెక్క. కుచ్చు లేకుండా అంచు మడిచి కుడితే 60 అంగుళాల కుట్టుతో పని అయిపోతుంది. కుచ్చు పెడితే ముందు పట్టీ కింది అంచు మడిచి కుట్టాలి: 120 అంగుళాలు. పై అంచున పొడుగు టాకాలతో రెండు వరసలు వేయాలి: 240. ఆ దారాలు మెల్లగా లాగాలి. తెగితే మళ్ళీ మొదటికే. పట్టీని నాలుగు భాగాలుగా గుర్తుపెట్టి, గౌనును కూడా నాలుగు భాగాలు చేసి, గుర్తుకు గుర్తు కలిపి, ఒక్కొక్క మడతనూ వేలితో సర్ది, అప్పుడు గౌనుకు కలిపి కుట్టాలి: ఇంకో 60. మొత్తం 420 అంగుళాలు. అతుకుల కుట్లు, ఇస్త్రీ ఇందులో వేయలేదు. బట్ట 15 అంగుళాలు ఎక్కువైతే, కుట్టు ఏడు రెట్లయింది.

దుబారా అన్న పెద్దమనిషి చూసింది ఆ 15 అంగుళాల బట్టనే. నవాబుల ఆడంబరం అన్న మిత్రుడు చూసింది తయారైన గౌనునే. పైసలేంది అన్న గిరాకీ ఏదీ చూడలేదు. 420 అంగుళాల కుట్టు మీద వంగిన మెడను ముగ్గురూ చూడలేదు. అందుకే ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడతాం.

మొదట మా పెద్దమనిషితో. ఇస్రాఫ్ మాటను మేము తేలిగ్గా తీసుకోం. ఖురాన్ ఏడో సూరా అల్ ఆరాఫ్ లో దుస్తుల ప్రస్తావన ఉంది. బట్టకు అక్కడ రెండు పనులు చెప్పారు: మానం కాపాడడం, శోభనివ్వడం. వాటికన్నా దైవభీతి అనే వస్త్రం మేలన్నారు. అదే సూరాలో ఇంకొంచెం ముందుకు పోతే ప్రార్థనకు శోభగా పొమ్మని, తిని తాగమని, కానీ మితిమీరవద్దని ఉంది. ఆ వెంటనే, దేవుడు తన దాసుల కోసం తెచ్చిన శోభను కాదన్నదెవరని ఒక నిలదీత ఉంది. మా పెద్దలు మితిమీరవద్దన్న చోట ఆగిపోతారు. ఆ తర్వాతి నిలదీత దాకా రారు. మంచి బట్టలు, మంచి చెప్పులు కావాలనుకోవడం గర్వమవుతుందా అని ప్రవక్తను ఒకరు అడిగిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. సత్యాన్ని తోసిపుచ్చడం, తోటి మనుషులను తక్కువగా చూడడం గర్వం తప్ప, చక్కగా ఉండాలనుకోవడం గర్వం కాదన్నది ఆ జవాబు సారాంశం.

అంటే కొలత గజంబద్దలో లేదు. ఈ బట్టతో ఎవరిని తక్కువ చేస్తున్నాం, ఎవరి కష్టాన్ని తింటున్నాం అన్నది అసలు కొలత. ఆ కొలతతో చూస్తే అన్ని కుచ్చులూ ఒకటి కావు. అవధ్ జనానాల్లో ఫర్షీ పైజామా ఉండేది. గజాల కొద్దీ బట్ట నేలమీద ఈడ్చుకుపోయేది. ఆ పైజామాతో బావికి పోలేరు, పొలానికి పోలేరు. వేసుకున్నావిడ పనిచేయనక్కర లేదని లోకానికి చాటడమే దాని పని. అమెరికాలో థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో తీరిక వర్గం గురించి రాసిన పుస్తకంలో సంపన్నుల దుస్తుల గురించి చెప్పింది ఇదే. అటువంటి కుచ్చును దుబారా అంటే మేమూ తలూపుతాం.

గొల్లపల్లి కుచ్చు కథ వేరు. నిరుడు ఈదుకు కుట్టిన గౌను ఈ ఏటికి మోకాలు దాటి పైకి పోయింది. కొత్త బట్టకు పైసల్లేవు. గిరాకీలు వద్దని వదిలిపెట్టిపోయిన ముక్కల మూట, మేము కత్రన్ అంటాం, అది విప్పి రంగు కలిసే ముక్కలు ఏరి, అతికించి, పట్టీ చేసి గౌను కింద ఝాలరు వేస్తే నాలుగు అంగుళాల పొడుగు పెరుగుతుంది. ఇంకో ఏడాది గడుస్తుంది. అంచు రాపిడికి ముందు చిరిగేది ఝాలరే కనుక అసలు గౌను నిలుస్తుంది. ఝాలరు మార్చితే సరిపోతుంది. చీరకు ఫాల్ వేసుకునే ప్రతి ఇల్లాలికీ ఈ కిటుకు తెలుసు. పారేయాల్సిన ముక్కలతో పొట్టిదాన్ని పొడుగు చేసిన పనిని దుబారా అంటే, ఆ మాటకు అర్థం తలకిందులైనట్టే. పెళ్ళిళ్ళలో అప్పుచేసి పెట్టే విందుల మీద, కట్నాల మీద ఈ పదం ఇంత గట్టిగా వినబడదు. ఆడపిల్ల గౌను మీద వినబడుతుంది.

ఇక ప్రగతిశీల మిత్రునితో. ఈయన మాకు దూరపువాడు కాదు. 1992 తర్వాత మా పక్కన నిలబడ్డవాళ్ళలో ఒకడు. నిరాడంబరత గొప్పదని ఆయన నమ్ముతాడు. మేమూ నమ్ముతాం. కానీ నిరాడంబరత రెండు రకాలు. ఉన్నది వదులుకునేది ఒకటి, లేనివాడిమీద రుద్దేది ఒకటి. 1921లో మధురైలో గాంధీ నిండు బట్టలు వదిలి కొల్లాయి కట్టారు. బారిస్టరు సూటు వేసుకున్న మనిషి కనుక ఆ వదులుకోవడానికి అర్థముంది. ఆరేళ్ళ తర్వాత, 1927 డిసెంబరులో, మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ పైకులాల ఆడవాళ్ళ తీరులోనే చీర కట్టుకోమని, అంటరానివాళ్ళని గుర్తుపట్టించే కట్టూ నగలూ వదిలెయ్యమని చెప్పారు. అంతకు ముందు తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఒంటిమీద పైబట్ట వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే 1859లో గాని రాజు దిగిరాలేదు. అక్కడ ఒక బట్ట ముక్క అదనంగా వేసుకోవడమే తిరుగుబాటు. ఎవరికి బట్ట తగ్గించుకోవడం ఆదర్శమో, ఎవరికి పెంచుకోవడం విముక్తో వాళ్ళ వాళ్ళ చరిత్ర చెబుతుంది. ఒకే సూత్రం అందరి ఒంటికీ సరిపోదు.

వియన్నాకు చెందిన వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలంకారాన్ని నేరంతో ముడిపెట్టి ఒక వ్యాసం రాశాడు. అలంకారమంటే వృథా అయిన శ్రమ అని, అది చేసే పనివాడికి సరైన కూలి కూడా దొరకదని ఆయన వాదన. రెండో మాట నిజం, మా ఇండ్లే సాక్ష్యం. అయితే అదే వ్యాసంలో, తన బూట్లు కుట్టేవాడు వేసే అలంకారాన్ని మాత్రం సహిస్తానంటాడు. పాపం అతనికున్న సంతోషం అదే కదా అని. ఆ సహించడం అన్న మాట దగ్గర మేము ఆగిపోతాం. ఈ దేశంలో మా గురించి మంచిగా మాట్లాడేవాళ్ళు వాడే మాట కూడా అదే. పరమత సహనం. మీరు మమ్మల్ని సహిస్తున్నారు. సహించవలసినంత తప్పు మేమేం చేశామో చెప్పరు.

ఇంతమాత్రాన కుచ్చు మీద మాకు అనుమానాలు లేవని కాదు. ఉన్నాయి. ఆడపిల్ల గౌనుకే కుచ్చెందుకు, మొగపిల్లవాడి అంగీకి ఎందుకు లేదు? ఇది ప్రకృతి ధర్మం కాదు. పదహారో శతాబ్దపు ఐరోపాలో మొగవాళ్ళే మెడచుట్టూ గంజిపెట్టిన పెద్ద పెద్ద కుచ్చుల పట్టీలు వేసుకున్నారు. మొఘల్ దర్బారు చిత్రాల్లో మొగవాళ్ళ జామాలు నడుము కింద నిండు కుచ్చులతో కనబడతాయి. ఎప్పుడో మొగవాళ్ళు కుచ్చు వదిలేసి గంభీరమైపోయారు, చూడబడే పని ఆడవాళ్ళకు అప్పగించారు. మా ఇండ్లలో పిల్లను అందంగా తయారుచేసే ముచ్చట, పన్నెండేళ్ళు రాగానే పిల్లను దాచేసే భయం, రెండూ ఒకే మిషన్ మీద కుట్టబడుతున్నాయి. చిన్నప్పుడు ఝాలర్ల గౌను, పెద్దయ్యాక ఝాలరు కూడా లేని నల్లబుర్ఖా. రెండింటిలో ఏదీ పిల్లను అడిగి కుట్టింది కాదు. గల్ఫు నుంచి వచ్చిన సంచుల్లో అబాయాలు వచ్చాయి, వాటితోపాటు ఏ కుట్టు సరైనది, ఏది కాదు అన్న కొత్త తీర్పులు కూడా వచ్చాయి. మా అమ్మమ్మల కాలంలో పొలంలో పనిచేసిన సాయిబుల ఆడవాళ్ళు చీర కొంగు తలమీద కప్పుకుని కలుపు తీశారు. వాళ్ళ ఈమాన్ తక్కువైందని అప్పుడెవరూ అనలేదు.

ఇక్కడ మేము మా పెద్దమనిషినీ, దేశంలోని న్యాయస్థానాన్నీ ఒకేచోట నిలబెట్టి మాట్లాడవలసి వస్తున్నది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు మతంలో తప్పనిసరి భాగమేదో ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలన్నది. ఆ తర్వాత ఏ ఆచారం తప్పనిసరి, ఏది కాదు అన్న పరీక్ష కోర్టుల చేతికి వచ్చింది. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదు కనుక విద్యాసంస్థల్లో దానికి రక్షణ లేదన్నది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టును సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా, తప్పనిసరా కాదా అన్న చర్చే ఇక్కడ అక్కరలేదని, ఇది ఆ పిల్ల ఎంపిక అని, ఆమె చదువు ముఖ్యమని అన్నారు.

మా కుచ్చు ప్రశ్న ఇదే. ఒక పిల్ల తలమీది గుడ్డ తప్పనిసరి అని మౌల్వీ రుజువుచేస్తే ఉంటుంది, కాదని జడ్జి రుజువుచేస్తే పోతుంది. ఇద్దరూ గ్రంథాలు తిరగేస్తున్నారు. పిల్ల బడి గేటు బయట నిలబడి ఉంది. తప్పనిసరి అయితేనే హక్కు అన్న సూత్రాన్ని ఇద్దరూ ఒప్పుకున్నారు. మేము ఒప్పుకోం. గౌనుకు ఝాలరు తప్పనిసరి కాదు. ఆ పిల్లకు కావాలి. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అంతటితో చాలదా? అలాగే ఇంకో పిల్ల తనకు వద్దంటే, ఆ వద్దు కూడా చాలాలి. కావాలన్న పిల్ల పక్షాన నిలబడి, వద్దన్న పిల్లను ఇంట్లో బెదిరించేవాళ్ళకు మా మాటలు వాడుకునే హక్కు లేదు. ఇరాన్‌లో 1936లో రెజా షా పోలీసులు వీధుల్లో ఆడవాళ్ళ తలమీది గుడ్డలు లాగారు. 1979 విప్లవం తర్వాత వచ్చినవాళ్ళు అదే గుడ్డను చట్టం చేసి కట్టించారు. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ ఆ పోలీసుల నిర్బంధంలోనే ప్రాణం పోగొట్టుకున్నది. లాగిన చేయీ, కట్టిన చేయీ వేరు వేరు సిద్ధాంతాలవి. పట్టు మాత్రం ఒకటే.

మూడో మనిషి మిగిలింది. మా గిరాకీ. ఈమె కూడా మా ఊరి మనిషే, చాలాసార్లు మాలాగే బీదది. ఆమెను తిట్టడానికి నోరు రాదు. కానీ ఆమె మాటలో పెద్ద అన్యాయముంది. అవసరం లేని దానికి కూలి కూడా అవసరం లేదన్న నమ్మకం అది. 1851లో ఐజాక్ సింగర్ తన కుట్టుమిషన్‌కు పేటెంటు పొందాడు. యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీ కూడా 1924లో ఆ మిషన్‌ను మినహాయించారు. చేతికుట్టుతో అలసిపోతున్న భార్యను చూసి ప్రేమతో చేసిన యంత్రమని ఆయన అభిప్రాయం. మిషన్ వచ్చాక కుట్టు తేలికైంది, నిజమే. తేలికైన కొద్దీ పైసలు తగ్గాయి, పెట్టే కుచ్చులు పెరిగాయి. పని తగ్గలేదు. కలకత్తా పక్కన మెటియాబ్రుజ్‌లో పెద్ద రెడీమేడ్ బజారు ఉంది. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా వెళ్ళి ఉన్న చోటు అది. ఇప్పుడు అక్కడ ఇంటింటా ముస్లిం దర్జీలు దేశమంతటికీ పిల్లల బట్టలు కుడతారు. అటువంటి చోట్ల గుట్టలుగా తయారైన మూడంతస్తుల కుచ్చుల గౌను మా సంతలోకొచ్చి వేలాడితే, గొల్లపల్లిలో కుట్టే చేయి దాని ధరతో పోటీపడాలి. అక్కడ కుట్టినవాళ్ళూ మావాళ్ళే, ఇక్కడ ఓడిపోయేవాళ్ళూ మావాళ్ళే.

ముస్లిం స్త్రీలు ఎక్కువగా ఇంటి పట్టున ఉండి చేసే పనుల్లోనే ఉన్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఇంట్లో పనిచేసేవాళ్ళను కూడా కార్మికులుగానే చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. ఇల్లు ఖర్ఖానా అయినప్పుడు కరెంటు మాది, దారం మాది, నడుంనొప్పి మాది. లెక్కలో మాత్రం మేము పనిచేయని గృహిణులం. కుచ్చు మీద కూలి ఎలా కనబడదో, జనాభా లెక్కలో మేమూ అలాగే కనబడం.

ఇక్కడికి వచ్చాక అసలు మాట చెప్పాలి. కుచ్చు గురించి ఈ ముగ్గురూ మాట్లాడే తీరు మాకెందుకు ఇంత గుచ్చుకుంటుంది? మా గురించి కూడా ఇలాగే మాట్లాడతారు కనుక. తెలుగు నేల ఒక గౌను అయితే మేము దాని అంచుకు ఎప్పుడో తర్వాత తెచ్చి కుట్టిన ఝాలరు అన్నట్టు చూస్తారు. ప్రేమించేవాళ్ళు ఝాలరు అందంగా ఉందంటారు. మీ బిర్యానీ బాగుంటుంది, మీ గజల్ బాగుంటుంది, మీ అత్తరు బాగుంటుంది అంటారు. ద్వేషించేవాళ్ళు ఝాలరు విప్పేస్తే గౌను శుభ్రంగా ఉంటుందంటారు. పొగిడేవాళ్ళకూ తిట్టేవాళ్ళకూ మధ్య మా పంటపొలం కూలి, మా బీడీల చాట, మా నీళ్ళ పంపు, మా పిల్లల బడి ఎవరికీ గుర్తుకురావు. అలంకారానికి ఆకలి ఉంటుందని ఎవరనుకుంటారు?

కుట్టుపని చేసే మాకు ఈ ఉపమానం ఎంత తప్పో చేతికి తెలుసు. ఏ కుట్టిన బట్టలోనూ ఏది అసలు, ఏది అతుకు అని వేరుచేయలేరు. చేయీ అతుకే, కాలరూ అతుకే, జేబూ అతుకే. దర్జీ దుకాణంలో మీరు మాట్లాడే తెలుగునే చూడండి. జేబు అరబ్బీ నుంచి వచ్చింది. అస్తరు, దర్జీ ఫార్సీ నుంచి వచ్చాయి. కాజా, బొత్తాము పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చాయి. ఇవన్నీ పరాయివని విప్పేస్తే అంగీ ఒంటిమీద నిలవదు. మా చుట్టుపక్కల కుట్టుపని మేర కులస్తులదీ మాదీ. వాళ్ళ దుకాణంలో మావాళ్ళు పని నేర్చుకున్నారు, మా ఇండ్లలో వాళ్ళ పిల్లలు తుర్పాయి నేర్చుకున్నారు. సిరిసిల్లలో బట్ట నేసేది ఎక్కువగా పద్మశాలీలు. పని దొరక్క వాళ్ళు వలసపోయిన భివండీలో పక్క మగ్గం మీద అన్సారీ ముస్లిం నేతగాడు ఉన్నాడు. 2017 నుంచి కొన్నేళ్ళు ప్రభుత్వం బతుకమ్మ చీరలు సిరిసిల్లలో నేయించింది. ఆ పండుగకు మా చుట్టుపక్కల ఆడపిల్లల లంగాలకు కుచ్చులు కుట్టిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. పీర్లకు కట్టే దట్టీలు, దర్గాకు కప్పే ఝాలర్ల చాదర్లు కొని తెచ్చేవాళ్ళలో సగం మంది మీవాళ్ళు. ఎవరు ఎవరి అంచు?

ఇంకో సంగతి. ఝాలరు పట్టీ ఎప్పుడూ తాను కుట్టబడే అంచు కన్నా పొడుగ్గా ఉంటుంది. దగ్గరకు లాగి, మడిచి, ఇరికించి కుడితేనే ఆ కొలతకు సరిపోతుంది. పండిత గ్రంథాల్లో, పాఠ్యపుస్తకాల్లో మాకు దొరికిన జాగా కొలతకు సరిపోవడానికి మేమూ అలాగే మడతలు పడ్డాం. పైకి కనబడేది కొంచెం. లోపల మడతల్లో ఉన్నది చాలా. ఆ మడతలు విప్పి చూపించడమే మా రాతల పని అని మేమనుకుంటాం.

అయితే కుచ్చును వదిలే చోట్లు మా మతంలోనే రెండున్నాయి. హజ్‌కు పోయిన మొగవాళ్ళు ఇహ్రాంలో కుట్టులేని రెండు తెల్లబట్టలు చుట్టుకుంటారు. రాజూ కూలీ ఒకే బట్టలో ఉంటారు. చనిపోయాక మొగవాళ్ళకు మూడు, ఆడవాళ్ళకు ఐదు బట్టల కఫన్. దానికి జేబు లేదు, బొత్తాము లేదు, ఝాలరు లేదు. ఆ రెండు చోట్లా నిరాడంబరత అందరికీ ఒకే కొలతలో వస్తుంది, అందుకే అక్కడ అది ఎవరినీ చిన్నబుచ్చదు. ఆ రెండింటి మధ్య ఉన్నదంతా కుట్టిన బతుకు. ఆ బతుకులో సాదాతనం ఒకరికి మాత్రమే ఆజ్ఞ అయి, ఇంకొకరికి శోభ హక్కు అయితే, ఆ సాదాతనాన్ని ధర్మమని మేము ఒప్పుకోం.

కనుక పెద్దమనిషికి మా మనవి: దుబారాను ముందు దావత్‌లో వెతకండి, పిల్ల గౌనులో తర్వాత చూద్దాం. మిత్రునికి: మీరు వదులుకున్నది మాకు ఎప్పుడైనా ఉండిందా అని ఒకసారి అడిగి చూడండి. గిరాకీ అక్కకు: బట్ట 15 అంగుళాలే, కుట్టు 420 అంగుళాలు, లెక్క నువ్వే వెయ్యి. కోర్టులకూ మౌల్వీలకూ కలిపి ఒకటే మాట: గౌను వేసుకునేది పిల్ల. ఝాలరు కావాలో వద్దో ఆమెను అడగండి. ఆమె ఏం చెప్పినా కుట్టడానికి మేమున్నాం.